కెరటాల అవతల అమ్మ

భుజం పట్టేసింది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోదు, పై అరలో పప్పు డబ్బా అందదు. ఈ వయసులో ఇవన్నీ మామూలేలే అని కొన్నాళ్ళు ఊరుకున్నాను కానీ, అటు ఒత్తిగిలితే ప్రాణం పోతోంది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మాత్రలు రాసిచ్చి, వీలుంటే ఈత కొట్టమంది. ఫలక్‌నుమాలో ఈతేమిటి, ఎండాకాలంలో తాగడానికి నీళ్ళొస్తే అదే పదివేలు అని గొణుక్కుంటూ ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక కూర్చున్న చోటు నుంచే ఇల్లు నడుపుతుంది. అప్పుడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే, "పూల్‌ల ఏం ఈదుతవే, అండ్ల నీళ్ళు కదలవు గదా" అంది. బయట సందులో ఎవరిదో బారాత్‌కు మర్ఫా డప్పులు వాయిస్తున్నారు, కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఆ మోతలో కూడా ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే కదిలే నీళ్ళలో ఈదడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు, నాకు తెలియదు. నేర్పిస్తానని మాటిచ్చి నేర్పించలేదు. ఆ సంగతి మరిచిపోయాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇది చెప్పాలంటే ముందు మా ఇల్లు ఎట్లా ఉండేదో చెప్పాలి. ఇప్పుడున్నదీ ఆ ఇల్లే, కాకపోతే అప్పుడు పైన రేకులుండేవి, లోపల జనముండేవారు. నాయనమ్మ, ఇద్దరు బాబాయిలు, మేనత్త, వాళ్ళ పిల్లలు, మేము. అమ్మ పెద్ద కోడలు. ఆమె పేరు అండాలు. ఆ పేరు ఆ ఇంట్లో తెల్లారింది మొదలు దీపాలార్పే దాకా ఎవరో ఒకరి నోట్లో ఆడుతూనే ఉండేది. అండాలూ, నల్లా వచ్చింది. అండాలూ, బర్రె పాలు విరిగినయ్. వదినా, నా అంగీకి గుండీ ఊడింది. పెద్దమ్మా, ఆకలైతంది. అమ్మ అన్నిటికీ "ఆఁ, వస్తున్న" అనేది, చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళేది. నిద్రలో పక్కకు తిరుగుతూ కూడా "ఆఁ, వస్తున్న" అనడం నేను విన్నాను. ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. ఆమెకూ నవ్వొచ్చేదేమో అనుకునేదాన్ని.

బాపు, మా నాన్న, గూడ్సు రైళ్ళ మీద గార్డు. నాకు పదేళ్ళు దాటాయో లేదో, ఆయనకు విశాఖపట్నం బదిలీ అయింది. నాయనమ్మ శోకాలు పెట్టింది, బాబాయిలు ధైర్యం చెప్పారు, మేము ట్రంకుపెట్టెలతో, నా చెల్లె శోభను చంకనేసుకుని బయల్దేరాం. శోభకు అప్పటికి మాటలు కూడా సరిగ్గా రావు. క్వార్టర్సు రెండే గదులు. గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి, ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు నీరయ్యేది, పప్పు పోపు వాసనను పక్కింటి చేపల పులుసు వాసన మింగేసేది. అమ్మకు మొదటి నెల దిక్కు తోచలేదు. పని అయిపోయాక గడపలో నిలబడి ఎవరైనా పిలుస్తారేమోనని చూసేది. పచ్చిపులుసు చేసి, తినేవాళ్ళు తక్కువై, మిగిలింది పారబోయలేక తానే తాగేది. ఒక ఆదివారం బాపు మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్ళాడు. హైదరాబాదు వాళ్ళం కదా, పెద్ద నీళ్ళంటే మాకు ట్యాంకుబండే. నేను బాపు వేలు వదల్లేదు. అమ్మ మాత్రం చీర కుచ్చిళ్ళు పైకి లాగి గోచీ బిగించి, అత్తగారు లేని ఊరు కదా, నీళ్ళలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అమ్మ ధైర్యానికి కారణముంది. ఆమె పుట్టిల్లు వరంగల్ అవతల ములుగు. అక్కడ ఆడపిల్లలు కూడా నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావుల్లో దూకేవారట. ఆమె బావిగట్టు మీద నుంచి మునిగి అడుగునున్న మట్టి తెచ్చి చూపించేదట. అయితే బావి వేరు, సముద్రం వేరు. ఆ ఒడ్డున నాలుగడుగులు లోపలికి వేయగానే నేల దిగిపోతుంది, కెరటం మనిషి ఎత్తున లేచి మీదే విరుగుతుంది. మా క్వార్టర్సులో చేపలమ్మే పైడమ్మ ఆ వేళ అక్కడే వల దులుపుతోంది. అమ్మ మీదికి కెరటం లేవడం చూసి ఆమె గొంతెత్తి "ములుగు, ములుగు" అని అరిచింది. అమ్మ ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది. నాకు బాగా గుర్తు, ముఖం విప్పారి ఉంది. ఇంత దూరంలో నా ఊరు తెలిసిన మనిషెవరా అని చూస్తోంది. ఆ చూపు మీదే కెరటం విరిగింది. ఆమె కాళ్ళు ఆకాశంలోకి లేవడం చూశాను, తర్వాత చీర చూశాను, మనిషి కనబడలేదు. మరో కెరటం ఆమెను తెచ్చి మా కాళ్ళ ముందు పడేసింది. జుట్టు నిండా ఇసుక, నోట్లోంచి నీళ్ళు. ఇన్ని నీళ్ళు కక్కి, పైడమ్మను అడిగిన మొదటి మాట, "మా ఊరు నీకెట్ల ఎరుక?"

పైడమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మీ ఊరేటమ్మా? ములుగు అంటే నీటడుక్కెళ్ళమన్నాను. కెరటమొచ్చినపుడు నిలబడిపోతే కొట్టేత్తాది. తల ముందెట్టి దాని కిందనించి దూరిపోవాల" అంది. మేము మునుగు అనేదాన్ని వాళ్ళు ములుగు అంటారని అట్లా తెలిసింది. బాపు ఇసుకలో కూలబడి నవ్వాడు. పెన్షన్ రోజుల దాకా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఈ కథ చెప్పాడు, పుట్టింటి పేరు వింటే మా ఇంటామె సముద్రానికైనా వీపు చూపిస్తదని. అమ్మ ఆ నవ్వుకు ఉడుక్కుంది. ఉడుక్కుని చీర పిండుకుని, ఇంటికి పోదామని మేము లేస్తుంటే, మళ్ళీ నీళ్ళ వైపు నడిచింది. ఈసారి కెరటం లేవగానే తల వంచి దాని కింద దూరింది. అవతల పక్క ఆమె కొప్పు తేలింది. పైడమ్మ, "సూసేవా, నేర్సీసుకుంది" అని మళ్ళీ వల దులుపుకోసాగింది.

ఆ మర్నాటి నుంచి అది అలవాటైపోయింది. బాపు డ్యూటీ వీలైన ప్రతి పొద్దునా వెళ్ళేవాళ్ళం. అమ్మ చీకటితోనే లేచి జొన్నపిండి కలిపి పెట్టి, స్టవ్వు తుడిచి, బియ్యం కడిగి పెట్టేది. సముద్రానికని ఒక పాత నేత చీర విడిగా ఉండేది. ఎన్నిసార్లు మంచినీళ్ళలో జాడించినా ఉప్పుకు అది తడక మాదిరి బిగుసుకుపోయి, దండెం మీద నుంచి తీస్తే మడత పడేది కాదు. ఇంటికొచ్చాక బావిదగ్గర నిలబడి జుట్టులో ఇసుక పోయేదాకా కుంకుడు రసం పోసుకునేది. మధ్యాహ్నం ఆమె పక్కన పడుకుంటే చెవుల వెనక ఇంకా ఉప్పు వాసన వచ్చేది. అంతకు ముందు ఆమె దగ్గర వచ్చేది ఉల్లిగడ్డ, కిరసనాయిలు వాసన. ఈ కొత్త వాసన నాకు మొదట నచ్చలేదు. నా అమ్మ కాని ఎవరో నా పక్కన పడుకున్నట్టుండేది. నాకు నడుము లోతు దాకా అనుమతి. అక్కడ నిలబడి చూసేదాన్ని. ఆమె ఒక కెరటం కింద దూరేది, ఇంకోదాని కింద దూరేది, ఆఖరుదాని అవతల తేలేది. అక్కడ నీళ్ళు విరగవు, ఊరికే పైకీ కిందికీ ఊగుతాయి. ఆమె అక్కడ వెల్లకిలా పడుకునేది.

నేను పిలిచేదాన్ని. మొదట సరదాకు, తర్వాత భయంతో, ఆ తర్వాత కోపంతో. "అమ్మా, అమ్మా" అని గొంతు బొంగురుపోయేదాకా పిలిచినా ఆమె తల ఇటు తిరిగేది కాదు. ఫలక్‌నుమాలో పక్కింటి వాళ్ళు ఎవరినో పిలిచినా పలికే మనిషి ఇక్కడ కన్నబిడ్డ అరిస్తే పలకదేమిటని నాకు ఏడుపొచ్చేది. తిరిగి రాదేమో, అట్లాగే వెళ్ళిపోతుందేమోనని కూడా ఉండేది. ఒడ్డుకొచ్చాక నిలదీస్తే, "వినవడది బిడ్డా, అలల లొల్లి" అనేది, తల తుడుచుకుంటూ. మరి నన్నూ అక్కడికి తీసుకెళ్ళమని పట్టుబట్టేదాన్ని. నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఇంకింత గట్టివడాలె. అప్పుడు నేనే తీస్కపోత" అనేది. నేను ఇంట్లో ఊపిరి బిగబట్టడం సాధన చేసేదాన్ని, బకెట్లో ముఖం ముంచి. శోభ పక్కన కూర్చుని చప్పట్లు కొట్టేది.

బాపు నీళ్ళలోకి ఎన్నడూ దిగలేదు. ఆయనకు మోకాలి లోతు నీళ్ళన్నా గుండె దడ. కానీ రాకుండా ఉండేవాడు కాదు. శోభను మెడ మీద ఎక్కించుకుని, డ్యూటీ జెండాలు రెండూ చంకలో పెట్టుకుని ఒడ్డున నిలబడేవాడు. పిలిస్తే వినబడదు కదా, అందుకని ఆయన చేసిన ఏర్పాటది. పచ్చ జెండా పట్టుకున్నంత సేపూ ఉండొచ్చు. ఎర్ర జెండా ఊపితే డ్యూటీ టైమవుతోంది, వచ్చెయ్యాలి. అమ్మ దానికి మాత్రం తప్పకుండా వచ్చేది. చుట్టుపక్కల చేపల వాళ్ళకు ఇదంతా మంచి తమాషా. ఏ రైలు వస్తోందని అడిగేవారు. బాపు నవ్వకుండా, "మా ఇంటి ఎక్స్‌ప్రెస్సు" అని చెప్పేవాడు.

చలికాలం నాయనమ్మ వచ్చింది. మొదటి రోజే పొద్దున్నే కోడలి తడి జుట్టు చూసింది. అడిగింది, తెలుసుకుంది, మంచం మీద కూర్చుని అన్నం మానేసింది. సంసారి ఆడదానికి సముద్రంలో ఏం పని, రేపు ఏదన్నా అయితే ఈ పిల్లలెవరికి, ఇరుగు పొరుగు చూస్తే ఏమంటారు అని రోజంతా సాగింది. బాపు తల్లికి ఎదురు చెప్పి ఎరగడు. కొన్నాళ్ళు మానెయ్యమని అమ్మకు నెమ్మదిగా చెప్పాడు. అమ్మ వాదించలేదు, ఏడవలేదు. మర్నాడు ఇంకా ముందు లేచింది. నాయనమ్మకు వేణ్ణీళ్ళు కాచింది, రొట్టెలు చేసింది, సర్వపిండి చేసి గిన్నె మూతపెట్టింది, ఇల్లు ఊడ్చింది. అంతా అయ్యాక దండెం మీది బిగుసుకుపోయిన చీర తీసుకుని అత్తగారి ముందు నిలబడింది. "అత్తమ్మా, మీ పని ఏదన్న మిగిలితే చెప్పున్రి, చేసి పోత. కాని పోవుడు మాత్రం పోత" అంది. అత్తగారి ముందు ఆమె అంత పెద్ద మాట అనడం నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. నాయనమ్మ ఇల్లంతా చూసింది. మిగిలిన పని ఏదీ కనబడలేదు. బాపు గోడకు ఆనించిన జెండాలు తీసుకుని చెప్పులు వేసుకున్నాడు.

తర్వాత రెండేళ్ళకు మళ్ళీ బదిలీ. నా ఛాతీ గట్టిపడిందో లేదో చూడకుండానే సామాన్లు కట్టేశారు. ఆఖరు రోజు అడిగాను, ఈ ఒక్కసారి తీసుకెళ్ళమని. ఆ రోజు సముద్రం మంచిగా లేదంది. ఆమె మాత్రం వెళ్ళింది, ఎర్ర జెండా ఊపాక కూడా కాసేపు ఉంది. మేము ఫలక్‌నుమాకు వచ్చిపడ్డాం. పాతబస్తీలో ఆడది ఈదే చోటు ఎక్కడుంది అప్పుడు? అమ్మ మళ్ళీ పెద్ద కోడలైంది. మొదటి పొద్దున నల్లా వచ్చిందని పిన్ని కేకేస్తే, అమ్మ "ఆఁ, వస్తున్న" అంది, ఎక్కడా ఆగినట్టే లేదు. సముద్రపు చీర చింపి మసిగుడ్డలు చేసింది. నేను చదువుకున్నాను, ఆఫీసులో టైపు కొట్టాను, పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరిని కన్నాను, రిటైరయ్యాను. నన్నూ ఇంట్లో అందరూ పిలిచారు, నేనూ పలికాను. మా ఆయన పోయాక అమ్మ దగ్గరికే వచ్చి ఉంటున్నాను. ఇన్నేళ్ళలో, బాపు చెప్పే ఆ కథలో తప్ప, సముద్రం మాట మా మధ్య రాలేదు, ఆ చిక్కుడుకాయల పూట దాకా.

పంతం వచ్చింది నాకు. వాకబు చేస్తే ఇప్పుడు మా దగ్గరే, ఒక ఫంక్షన్ హాల్ వెనక, ఈత కొలను ఉందని తెలిసింది. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు విడిగా. చేరాను. ఒంటినిండా నల్లటి ఈత బట్టలు వేసుకున్న కాలేజీ పిల్లలు, పెళ్ళికి ముందు సన్నబడాలని వచ్చిన వాళ్ళు, మధ్యలో సల్వారు కమీజుతో నేను. నేర్పే అమ్మాయి గట్టు మీద నుంచి, "ఆంటీ, సాంస్ పానీ మే ఛోడో" అని గదిమేది. ఊపిరి నీళ్ళలో వదలాలి, పైకొచ్చి తీసుకోవాలి. మొదట్లో నాలుగు బారలకే నురగలు కక్కాను. పిల్లలు చెయ్యి పట్టుకుని గట్టెక్కించి, మస్తు చేశారు ఆంటీ అని ఆటో దాకా సాగనంపేవారు. ఇంటికొస్తే అమ్మ నా జుట్టు వాసన చూసి, "ఇది నీళ్ళ వాసన గాదు, బట్టలుతికిన వాసన" అని మూతి తిప్పేది. కానీ ఎంత దూరం ఈదానో రోజూ అడిగేది. వానలు పోయి చలి తిరిగేసరికి భుజం వదిలింది. చెయ్యి పై అర దాకా లేస్తోంది. డాక్టరమ్మ ఇక చాలంది. నాకు చాల్లేదు. విశాఖపట్నం పోయి ఆ కెరటాలు దాటుతానని ఇంట్లో చెప్పాను.

శోభ పరుగెత్తుకొచ్చింది. గుడిమల్కాపూర్‌లో పూల దుకాణం దానిది, మాటకారి. మతి పోయిందా అక్కా, ఈ వయసులో నీకు గీ లొల్లేంది, ఏమన్న అయితే నేనెవరికి జవాబు చెప్పాలె అని గంట సేపు దులిపింది. అచ్చం నాయనమ్మే. అమ్మను మా పిల్లలు చూసుకుంటారని చెప్పి నేను టికెట్లు చూపించాను, రెండు. అది ఇంకో గంట తిట్టి, స్వెట్టర్ తెచ్చుకోవాలా అని అడిగింది. బయల్దేరే రోజు అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, వెనకటిలాగే ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. "దాటితెనే పోయినట్టు. నడుము లోతుల నిలవడి రాకు" అంది. అంతే, జాగ్రత్త అని కూడా అనలేదు.

అక్కడ ఏదీ వెనకటిలా లేదు. ఒడ్డంతా రాళ్ళ కట్ట, మెట్లు, దిగవద్దని బోర్డులు. ఈల ఊదే కాపలా వాళ్ళున్నారు. రోజూ పొద్దున్నే సముద్రంలో ఈదే గుంపొకటి ఉందని వాకబు చేసి వాళ్ళను పట్టుకున్నాను. అన్ని వయసుల వాళ్ళూ ఉన్నారు, నాకంటే పెద్ద వాళ్ళు కూడా. నడుముకు నారింజ రంగు బుడగ కట్టారు, మునిగిపోకుండా కాదు, పడవల వాళ్ళకు కనబడ్డానికి. మొదటి పొద్దున కెరటం లేచేసరికి నా కాళ్ళు నిలిచిపోయాయి. ఎన్ని దినాలు కొలనులో నేర్చినా, అంత గోడ మీదికొస్తుంటే తల ముందుకు పెట్టడం ఒంటికి ఇష్టముండదు. అది నన్ను తిప్పి కొట్టింది. మోకాలు చెక్కుకుపోయింది, చెవిలో ఇసుక చేరింది. శోభ ఒడ్డున ఏడుస్తోంది. రెండో రోజు ఒకటి దాటాను, రెండోది ఈడ్చుకొచ్చి పడేసింది. ఆ సాయంత్రం లాడ్జిలో శోభ నా మోకాలికి మందు రాస్తూ, "అమ్మకు దాటినమని చెప్పుదాం అక్కా, ఆమె చూసిందా ఏంది" అంది. దాని మంచితనానికి నవ్వొచ్చింది. అబద్ధమాడడానికైతే నేను ఫలక్‌నుమాలోనే ఆడేదాన్ని కదా అన్నాను.

మూడో పొద్దున నేను ఎక్కువ ఆలోచించలేదు. కెరటం లేచింది, ఊపిరి పీల్చి తల వంచి దాని అడుక్కి వెళ్ళాను. పైన అది విరగడం వీపుకు తెలిసింది. పైకొచ్చి ఊపిరి తీసుకునేలోపు రెండోది. మళ్ళీ. మూడో దాని అవతల తేలేసరికి ఒక్కసారిగా అంతా నెమ్మదించింది. నీళ్ళు నన్ను ఎత్తి దించుతున్నాయి, కొట్టడం లేదు. గుంపులో వాళ్ళు కొంచెం దూరంలో ఈదుకుంటూ పోతున్నారు. నేను వెల్లకిలా తిరిగాను. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది, ఎవరు చూస్తారులే అని ఏడ్చాను.

అప్పుడు వినబడింది. "అక్కా, ఓ అక్కా." శోభ. అది ఎక్కడో దూరంగా గాలికి కొట్టుకొచ్చినట్టు కాదు, పక్కగదిలోంచి పిలిచినట్టు. పొద్దుటి గాలి ఒడ్డు మీద నుంచి సముద్రం వైపు వీస్తోంది, మాటలన్నీ మోసుకొస్తోంది. చాయ్ అమ్మేవాడి కేక, కాపలా అతను ఎవరినో వెనక్కి రమ్మనడం, శోభ నా పేరు పెట్టి, వరస పెట్టి, చివరికి తిట్టి పిలవడం, అన్నీ. అలల చప్పుడు ఉంది, లేకపోలేదు, కానీ అది ఏ మాటనూ అడ్డగించలేదు. నేను పడుకుని విన్నాను. పదకొండేళ్ళ నా గొంతు ఎన్ని పొద్దులు ఇట్లా ఇక్కడి దాకా వచ్చి ఉంటుందో తెలిసిపోయింది. అమ్మ ప్రతి పిలుపూ విన్నది. విని, కళ్ళు మూసుకుని ఇక్కడే పడుకున్నది. నాకు కోపం వస్తుందనుకున్నాను, చాలా సేపు దాని కోసం చూశాను కూడా. శోభ మళ్ళీ పిలిచింది. దాని గొంతులో భయం లేదు, ఆకలి ఉంది, టిఫిను టైమైంది. నేను కదల్లేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ ఉండిపోయాను.

ఒడ్డుకొచ్చి తల తుడుచుకోకుండానే అమ్మకు ఫోన్ చేశాను. దాటానని చెప్పాను. "అమ్మా, ఆడికి అన్ని వినవడ్తున్నయే" అన్నాను. అటు వైపు మా సందులో ఆటో హారన్లు మోగుతున్నాయి.

"వినవడ్తది బిడ్డా" అంది అమ్మ. "పొద్దుందాక పలికేదాన్నే గద. గా జరంత సేపు పలుకకుంటె ఏమైతదని ఊకున్న." తర్వాత గొంతు మార్చి, "శోభ పిలిచిందా?" అని అడిగింది.

పిలిచిందన్నాను.

"నువ్వు పలికినవా?"

"లేదు."

"మంచిగ చేసినవ్" అంది అమ్మ. రేపు ఎన్ని గంటలకు నీళ్ళలో దిగుతావని అడిగింది.